బాబాయి ఎక్కువ దించిన పదడుగులు

బోరు బాబాయి పోయారని ఫోను వచ్చినప్పుడు నేను దొరువులో బిందె ముంచుతున్నాను. దొరువంటే మా బాపట్ల ఇసక నేలల్లో మనిషి లోతున తవ్వుకునే నీటిగుంట. ఫోను చేసింది ఆయన కోడలు. "అక్కా, మామయ్య పొద్దున్నే నమాజుకని లేచారక్కా. కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ కుళాయి దగ్గరే కూలబడిపోయారు. మేం వెళ్ళేసరికి కుళాయి అలా పోతూనే ఉంది," అంది. నీళ్ళు ఊరికే పోతుంటే చూసి ఊరుకునే మనిషి కాదాయన. ఎవరింటికి వెళ్ళినా, కుళాయి చుక్కలు కారుతుంటే మాట మధ్యలో లేచి వెళ్ళి కట్టేసి వచ్చేవారు. అందుకే కోడలు ఆ మాట అన్నాక నాకింక అనుమానం మిగల్లేదు.

మా ఆయనా నేనూ దొరికిన రైలెక్కి తెనాలి వెళ్ళాం. ఇంటి ముందు షామియానా వేశారు. లోపల అత్తరు వాసన. పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నీ ఇంటి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మనిషి తేలిగ్గా ఉన్నాడే. ఏం పెట్టావే ఆయనకి?" అంది. పప్పన్నం పెట్టాను పిన్నీ, అన్నాను. సాయంత్రం మగవాళ్ళు మోసుకెళ్ళారు. మా ఆయన కూడా వెళ్ళి మూడు గుప్పిళ్ళు మట్టి ఇచ్చి వచ్చారు. చేతులు కడుక్కోకుండా అలాగే రైలెక్కారు. ఎందుకండీ అంటే, "ఉండనీవే కాసేపు," అన్నారు.

ఆయన మాకు చుట్టం కాదు. తెనాలిలో మా టిఫిన్ కొట్టుకి మూడిళ్ళ అవతల వాళ్ళిల్లు. ఇరవై ఏళ్ళ పాటు రోజూ పొద్దున నాలుగు ఇడ్లీలు తిన్నారు, చట్నీ లేకుండా, కారప్పొడి లేకుండా. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. "మా చట్నీకి ఏం రోగం బాబాయి?" అని అడిగేశాను ఒకరోజు. నాకు నోరెక్కువ, ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. ఆయన నాలుక బయటపెట్టి చూపించి, "ఇది నా మీటరమ్మాయ్. కారం తగిలితే పాడవుద్ది," అన్నారు. చేతిబోర్లు దించడం ఆయన పని. నీళ్ళు పడగానే మొదటి పుక్కిలి ఆయనే పట్టి, నోట్లో తిప్పి, ఉమ్మేసి, తాగొచ్చో లేదో చెప్పేవారు. టీలో చక్కెర వేసుకునేవారు కాదు, కిళ్ళీ ముట్టేవారు కాదు. అరవై దాటాక కొడుకులు పని మాన్పించారు గానీ, నాలుకని మటుకు కాపాడుకుంటూనే ఉన్నారు.

మా కొట్టున్న కట్టడం పడగొడతామని చెప్పారు. అదే ఏడాది మా ఆయన దగ్గు ముదిరింది. పొయ్యి పొగ మానాలి, ఊరి దుమ్ము మానాలి అన్నాడు డాక్టరు. ఉన్న చిన్న ఇల్లు అమ్మేసి ఎక్కడైనా పల్లెలో ఎకరం రెండెకరాలు కొనుక్కుని, కూరగాయలు పెట్టుకుని, రెండు గేదెలు కట్టుకుని బతుకుదామని నిశ్చయించుకున్నాం. చెప్పడానికి తేలికే. తప్పు నేల కొంటే మాకు రెండో నేల లేదు, వెనక్కి వెళ్ళడానికి ఇల్లూ లేదు. ఆ భయంతో నేను బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన వెంటనే చెప్పులేసుకున్నారు.

"పొలం కొనేవాడు దారి చూస్తాడు, కరెంటు స్తంభం చూస్తాడు, పాసుపుస్తకం చూస్తాడు. నీళ్ళు మాత్రం అమ్మేవాడి మాట మీద నమ్ముతాడు. నీళ్ళు అబద్ధం ఆడవమ్మాయ్, చూపించేవాడు ఆడతాడు," అనేవారు బస్సులో. ఆయన చేతిలో గుడ్డసంచి ఒకటి ఉండేది. అందులో సత్తుగిన్నె, మందుల డబ్బాలో గుప్పెడు కందిపప్పు, అగ్గిపెట్టె. ఏ పొలానికి వెళ్ళినా మూడు ఇటిక ముక్కలు ఏరి పొయ్యి పెట్టి, ఆ నేల నీళ్ళతోనే పప్పు ఉడకేసేవారు. ఉప్పుశాతం ఎక్కువున్న నీళ్ళలో పప్పు ఉడకదని మనందరికీ తెలిసిందే. కానీ దాన్ని నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

"ఇరవై ఏళ్ళు సాంబారు కాచినదాన్ని. నాకు పప్పు నేర్పుతారా బాబాయి?" అని ఎగతాళి చేశాను మొదటిసారి.

"నువ్వు పప్పుని చూస్తావు. నేను నీళ్ళని చూస్తా. మన ఇద్దరి పనులు వేరు," అన్నారు పొయ్యి ఊదుతూ.

సంగం జాగర్లమూడి దగ్గర కాలవ పక్కన చూసిన నేలలో పప్పు అరగంటలో మెత్తబడింది. ధర వినగానే మా ఆయనకి దగ్గు తెర వచ్చింది. మేం మోసుకెళ్ళిన ఆశకి అక్కడ పెరటి జాగా కూడా రాదు. కారంచేడు వైపూ అంతే. నల్లరేగడి, మంచి పొలాలు, మనకి అందని పొలాలు. "మంచి నేలకి నోరుంటది, దాని ధర అదే చెప్పుద్ది. మనం చవక నేలల్లో మంచిదాన్ని వెతకాలి. అది కష్టం," అన్నారాయన. అలా వెతుకుతూ వెతుకుతూ రేపల్లె వైపు వెళ్ళాం.

అక్కడ మాకు రెండెకరాలు చూపించారు. చుట్టూ రొయ్యల చెరువులే. చెరువుల్లో చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి, గట్ల మీద ఒక్క మనిషి లేడు. గట్టు అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుంది. పిట్ట లేదు, కప్ప లేదు, ఆఖరికి పప్పు కోసం కాకి కూడా రాలేదు. గంటసేపు మండింది పొయ్యి. ఇంకో గంట మండింది. గిన్నెలో పప్పు గులకరాళ్ళలా పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. బాబాయి రెండు బద్దలు తీసి నా అరచేతిలో పెట్టి, "కొరుకు," అన్నారు. కటుక్కుమంది. పొలం మనిషి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. బాబాయి అతని భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేం లేదులే అబ్బాయ్," అని, గిన్నె కడుక్కుని సంచిలో పెట్టుకున్నారు. ఆ చక్రాల చప్పుడు ఇంటికొచ్చినా చెవుల్లో పోలేదు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను.

ఆ కార్తీకంలో మా వీధి ఆడవాళ్ళం వనభోజనాలకి సూర్యలంక వెళ్ళాం. దారిలో సరుగుడు తోట పక్కన ఒక పాడుబడ్డ ఇల్లు కనిపించింది. నీలం తలుపులు. ముందు ఎకరం ముప్పావు ఖాళీ నేల. అమ్మకానికని గేటుకి రేకు కట్టి ఉంది. దాని మీదున్న నంబరుకి చేస్తే బ్రోకరు అరగంటలో బండేసుకుని వచ్చాడు. ధర చెప్పాడు. రేపల్లె ఉప్పునేల కంటే తక్కువ. మూలన ఉన్న దొరువు నిండుగా, అద్దంలా ఉంది. దోసిలి పట్టి తాగితే కొబ్బరినీళ్ళే. నేను ఊరుకున్నానా? వనభోజనాల గిన్నె తెచ్చి, మూడు రాళ్ళు పెట్టి, పప్పు వేశాను. ఇరవై నిమిషాలకి వెన్నలా మెదిగిపోయింది. "ఇంత చవకేంటండీ?" అని అడిగాను. "వాళ్ళు చీరాల్లో మగ్గాల పనికి వెళ్ళిపోయారండి. చూసుకునే దిక్కు లేదండి. అంతకు మించి ఏం లేదండి," అన్నాడు. మూడు 'అండి'లు ఒక్కసారే పడ్డప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

మార్గశిరంలో మంచిరోజు చూసి బయానా ఇచ్చేశాం. "బాబాయికి ఒక్క మాట చెప్దామే," అన్నారు మా ఆయన. "పప్పు ఉడికిందిగా! ఇంక ఆయన చెప్పేదేంటి?" అన్నాను. అసలు సంగతి అది కాదు. నా అంతట నేను కనిపెట్టానని ఆయన ముందు గొప్పగా చెప్పుకోవాలని నా కోరిక.

చెప్పాను కూడా. ఇడ్లీ తింటున్న ఆయన చెయ్యి ఆగింది.

"ఏ వైపు?"

"సూర్యలంక దారి బాబాయి. సరుగుడు తోట పక్కన."

"నీలం తలుపుల ఇల్లా?"

తలుపుల సంగతి నేను చెప్పలేదు. "మీకెలా తెలుసు?" అన్నాను. "ఇంటి వెనక గొట్టం ఉంది, చూశావా?" అని అడిగారు. తొందరలో నేను ఇంటి వెనక్కే వెళ్ళలేదు. ఆయన సగం ఇడ్లీ వదిలేసి లేచారు. అన్ని ఏళ్ళలో ఆయన ప్లేటులో తిండి వదలడం అదే చూడటం.

మర్నాడు మొదటి రైలుకే ముగ్గురం బాపట్ల వెళ్ళాం. ఆ నేల గేటు దగ్గర ఆయన చెప్పులు విడిచారు. ఎప్పుడూ విడిచేవారే, కానీ ఆ రోజు వెనక్కి తిరిగి వాటిని చాలాసేపు చూశారు. ఇంటి వెనక ఇసకలోంచి నడుమెత్తు గొట్టం ఒకటి పైకొచ్చి ఉంది. దాని మూతికి మగవాళ్ళ తువ్వాలు బిగించి కట్టారు. గొట్టానికి ఎదురుగా ఒక చెక్కపీట, కాళ్ళు సగం ఇసకలో దిగబడి, మధ్యలో నున్నగా అరిగి ఉంది. ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుంటే తప్ప పీట అలా అరగదు. ఎదురుగా ఏముందని కూర్చున్నారు? చూడటానికి గొట్టం తప్ప ఇంకేమీ లేదు.

ఎండ బాగా ఉంది. గాలి లేదు. అయినా ఆ తువ్వాలు లోపలికి గుంటపడి ఉంది, ముసలివాళ్ళ బుగ్గలాగా.

"చెయ్యి పెట్టు," అన్నారు బాబాయి.

పెట్టాను. గొట్టం నా అరచేతిని లోపలికి లాగింది. మెల్లగా, విడవకుండా. కెవ్వున అరిచి మా ఆయన వెనక దాక్కున్నాను. నవ్వకండి, మీరైనా అంతే.

"ఏంటిది బాబాయి?"

"కూర్చో. సాయంత్రం దాకా ఉందాం. చూసి అప్పుడు అడుగు."

గోడ నీడన కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నానికి తువ్వాలు చదునుగా అయింది. కాసేపు కదల్లేదు. ఆ కాసేపు సరుగుడు తోట హోరు కూడా ఆగినట్టే అనిపించింది నాకు. తర్వాత, మేం ముగ్గురం చూస్తుండగానే, గుడ్డ మధ్యలో కొద్దిగా పైకి లేచింది. ఇంకొంచెం లేచింది. సాయంత్రానికి ఉబ్బి గుండ్రంగా నిలబడింది. దాని చుట్టూ సన్నగా, పొడుగ్గా నిట్టూర్పు. ఉప్పు వాసన, పచ్చి చేపల వాసన. సముద్రం అక్కడికి మైళ్ళ దూరం. మా ఆయన దగ్గడం కూడా మర్చిపోయారు.

అప్పుడు చెప్పారు బాబాయి. "ఈ గొట్టం దించింది నేనేనమ్మాయ్."

పన్నెండేళ్ళ కిందట ఆ నేల ఒక పడవల ఆసామిది. సొంత పడవ మీద వేటకి వెళ్ళి, సంపాదించినదాంతో నేల కొని, కొబ్బరి మొక్కలు నాటి, మోటారు పెడదామనుకున్నాడు. అప్పటికే ఇంకో మేస్త్రి వచ్చి, ఇక్కడ మోటారుకి చాలినన్ని నీళ్ళు పడవని చెప్పి వెళ్ళిపోయాడు. "ఇరవై అడుగుల దగ్గర బంకమట్టి తగిలింది. పైనున్న తీపినీళ్ళకి అదే పళ్ళెం. దాన్ని పొడవకూడదని నా చేతికి తెలుసు. కానీ ఆ మేస్త్రి నీళ్ళు పడవన్నాడు కదా, నేను పడేసి చూపిద్దామనుకున్నా. ఇంకో పదడుగులు దించా," అన్నారు. నీళ్ళు ఎగదన్ని వచ్చాయట. ఆ ఆసామి ఆనందంతో ఆయన్ని ఎత్తుకుని తిప్పాడట. మంచి వంజరం చేపలు పెట్టి పంపాడట.

రెండు వేసవులు గడిచేసరికి నీళ్ళు ఉప్పు తిరిగాయి. కింద ఇసక పొరలో ఆటుపోట్లకి నీరు లేస్తూ దిగుతూ ఉంటుంది. లేచినప్పుడు అక్కడి గాలిని బయటికి తోస్తుంది, దిగినప్పుడు లోపలికి పీలుస్తుంది. పగిలిన బంకమట్టిలోంచి ఆ ఉప్పు పైకి ఎక్కుతుంది. "వానాకాలం వెళ్ళాక చూస్తే తియ్యగానే ఉంటాయి. నువ్వు తాగింది కార్తీకం నీళ్ళు. రోహిణి కార్తెలో తాగి చూడు, నాలుక చచ్చిపోద్ది," అన్నారు. మన తెనాలి వాళ్ళం పొలాలు చూడటానికి ఎప్పుడు బయల్దేరతాం? ఎండలు తగ్గి, చేలు పచ్చబడి, మంచిరోజులు వచ్చాకేగా! ఆ తప్పు నేనొక్కదాన్నే చెయ్యలేదని తర్వాత ఎంతమంది చెప్పారో.

"కొబ్బరి మొక్కలు పోయాయి. ఆ ఏడాదే అతను వేటకి వెళ్ళాడు. పడవ రాలా, మనిషీ రాలా. మోటారు ఊడదీసి అమ్ముకున్నారు. గొట్టం మాత్రం మిగిలింది. అప్పుడు ఆవిడకి వినపడింది," అని ఆగారు బాబాయి.

"ఎవరికి?"

"అతని పెళ్ళానికి. సముద్రం కింద నుంచి మొగుడు ఊపిరి తీస్తున్నాడనుకుంది. అది అతని తువ్వాలే. చలేస్తదని కట్టింది. ఈ పీట మీద కూర్చునేది, తెల్లారిన దగ్గర్నుంచి. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు తను మాట్లాడేది. వదిలేటప్పుడు వినేది. నేను ఒకసారి వచ్చి చూశా. 'సాయిబు గారూ, మీరు దించిన గొట్టం వల్లే కదా నాకు ఆయన దొరికాడు' అని నా కాళ్ళకి దణ్ణం పెట్టిందమ్మాయ్." ఆయన తువ్వాలు అంచు సర్దారు. "తిట్టుంటే బాగుండేది. కొడుకు బలవంతాన చీరాల తీసుకుపోయాడు."

నాకు భయమేసింది. దాంతోపాటు కోపమూ వచ్చింది. "ఇన్నాళ్ళూ మాతో ఊళ్ళు తిరిగారుగా! ఈ దారినే ఒక చెడ్డ నేలుందని ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"నువ్వు బయానా ఇచ్చేముందు నన్నెందుకు అడగలేదు?" అన్నారాయన.

ఇద్దరిదీ గర్వమే. ఆయనది పదడుగులు, నాది గుప్పెడు పప్పు. నేను అక్కడే ఇసకలో కూర్చుని ఏడ్చాను. బయానా తిరిగి రాదు, మా చేతిలో ఉన్నదంతా పోయిందనే ఏడ్చాను. మా ఆయనకి ఆ గాలి పడింది, ఆ రోజంతా మూడుసార్లే దగ్గారు. అది తలుచుకుని ఇంకా ఏడ్చాను.

మా ఆయన నిదానస్తుడు. నన్ను ఏడవనిచ్చి, "బాబాయిగారూ, దాన్ని మూసేస్తే?" అని అడిగారు.

బాబాయి గొట్టాన్ని వేలితో తట్టి చూశారు. "మూస్తే రెండు మూడు వానాకాలాలకి పైనీళ్ళు మళ్ళీ బాగుపడతాయి. మోటారు మాట తలపెట్టకూడదు. దొరువులు తవ్వుకుని బిందెలతో పోసుకోవాలి. బతకొచ్చు," అన్నారు. మరి ఇంకేం, రేపే మూసేద్దాం అన్నాను. "ఒకళ్ళని అడిగి రావాలి," అన్నారు. కొడుకుల్ని కాబోలనుకున్నాను. ఆ వయసులో మళ్ళీ పని ముట్టుకోవడానికి వాళ్ళు ఒప్పుకోవాలిగా.

నాలుగో రోజున రెండు బస్తాల బంకమట్టితో వచ్చారు. ఉండలు చెయ్యడం నాకు నేర్పారు, ఉసిరికాయంత, పగుళ్ళు లేకుండా. పొద్దున్నుంచీ చేశాం. అన్నీ సిద్ధమయ్యాక కూడా మొదలుపెట్టలేదు. పీట మీద కూర్చుని తువ్వాలు వైపు చూస్తున్నారు. అప్పుడది లోపలికి పీలుస్తోంది.

"కానివ్వండి బాబాయి, ఎండ ముదురుతోంది," అన్నాను.

"ఊపిరి బిగబట్టిన మనిషి నోరు మూస్తామా? వదలనీ. పూర్తిగా వదిలేశాక మూద్దాం."

అది గాలే కదా, మీరే చెప్పారు కదా అందామనుకున్నాను. ఆయన ముఖం చూసి అనలేకపోయాను. గుడ్డ చదునైంది, ఉబ్బింది, సాయంత్రానికి మళ్ళీ మెల్లగా దిగడం మొదలుపెట్టింది. చదునుగా అయిన ఆ క్షణాన లేచి, ముడి విప్పి, తువ్వాలు జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నారు. జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నారు. బిస్మిల్లా అని మొదటి ఉండ వదిలారు. అది ఎంతసేపు పడిందో! చివరికి ఎక్కడో చిన్న చప్పుడు. ఒక్కొక్క ఉండకీ చప్పుడు దగ్గరవుతూ వచ్చింది. చివరి ఉండలు నా చేత వేయించారు. గొట్టం పైభాగం కోసేసి ఇసక కప్పేశాం. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం నాకు నచ్చలేదు. అంతసేపూ భయపడింది చప్పుడుకా, చప్పుడు ఆగిపోతుందనా అని ఇప్పటికీ తెలీదు.

కూలి ఇవ్వబోతే నా వైపు చూసిన చూపు చాలు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మేం వచ్చేశాం ఇక్కడికి. మూడు దొరువులు ఆయనే గీత గీసి తవ్వించారు. రోజుకొక దాంట్లో ముంచాలి, రెండింటికి విశ్రాంతి ఇవ్వాలి, అడుగు కనపడేదాకా తోడకూడదు. "నేలంతా మనదనుకుంటాం అమ్మాయ్. పైపొర వరకే మనది, కిందది ఎవరిదో," అనేవారు. ప్రతి ఏడూ రోహిణి కార్తెలో, మనుషులు గుమ్మం దాటని ఎండలో, సంచి పట్టుకుని దిగేవారు. మొదటి ఏడు పప్పు సగమే ఉడికింది. దాన్నే కటకట నమిలి, "పర్లేదు, దారిలో పడింది," అన్నారు. రెండో ఏడు గంటన్నర పట్టింది. ఈ ఏడు నేనే పొయ్యి ముట్టించాను. అరగంటకి గిన్నె మూత తీసి గరిటెతో నొక్కితే మెదిగిపోయింది. ఆయన గిన్నె ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఆ రోజు మొదటిసారి నన్ను ఆవకాయ అడిగారు. ఎర్రగా కలుపుకుని, ముక్క కొరికి, చెమటలు కారుస్తూ తిన్నారు.

"మీటరు పాడవుద్ది బాబాయి," అన్నాను.

"పాడవనీ. దాంతో పనైపోయింది," అన్నారు.

ఆ మాట అప్పుడు నవ్వుకుంటూ విన్నాను. నాలుగు నెలలకి ఆయన పోయారు.

మా ఆయన దగ్గు తగ్గింది. గేదె ఈనింది. ఈ నేల మాకు అన్నం పెడుతోంది. ఇదంతా ఆయన చలవే, అది చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. కానీ మిట్టమధ్యాహ్నం ఇంటి వెనక్కి నేనొక్కదాన్నే ఇప్పటికీ వెళ్ళను. గొట్టం ఉన్నచోట గడ్డి కూడా మొలిచింది. అయినా వెళ్ళను.

ఆయన పోయిన ఇరవై రోజులకి ఒక పెద్దామె గేటు తీసుకుని లోపలికొచ్చింది. జుట్టంతా నెరిసింది, చేతిలో ఖాళీ నీళ్ళసీసా. నన్ను చూడనైనా చూడలేదు. సొంత ఇంట్లో నడిచినట్టు తిన్నగా ఇంటి వెనక్కి నడిచింది. నేను భయాన్ని దిగమింగుకుని వెనకే వెళ్ళాను. సరిగ్గా ఆ గడ్డి దగ్గర ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, వంగి నేలకి చెవి ఆనించింది. ఎండ మాడ్చేస్తోంది. ఆమె కదల్లేదు. ఎవరో నాకు అప్పుడు అర్థమైంది.

చాలాసేపటికి లేచింది. చెంపకి ఇసక అంటుకుని ఉంది.

"లేడు," అంది. నాతోనే అంది.

దొరువులోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చాను. సగం తాగి, చెంబు వంక చూసి, మిగతా సగం తాగింది. "ఆ సాయిబు గారు చీరాల వచ్చాడు, మా ఇంటికి. గుమ్మంలో నిలబడి, 'మూసేయనా అమ్మా?' అని అడిగాడు. నేను పలకలా. మర్నాడూ వచ్చి అదే అడిగాడు. అప్పుడూ పలకలా, లేచి లోపలికి పోయా. తర్వాత తువ్వాలు తెచ్చి గడప మీద పెట్టి పోయాడు. మళ్ళీ ప్రతి ఎండాకాలం వచ్చేవాడు. 'నీళ్ళు బాగుపడుతున్నాయమ్మా' అని గుమ్మంలోంచే చెప్పి, మంచినీళ్ళన్నా అడక్కుండా పోయేవాడు. నేను ఒక్కసారీ పలకలా తల్లీ."

చెంబు నాకు తిరిగి ఇచ్చింది. "ఇన్నాళ్ళు పట్టింది నాకు. ఆ పెద్దాయనకి ఒక మాట చెప్పాలి. మంచిపనే చేశావని చెప్పాలి. ఇటు వస్తాడా?"

వీధి వీధంతా భయపడే నోరు నాది. ఎవరి ముఖం మీదైనా ఉన్నదున్నట్టు అనేదాన్ని. ఆమె చెంప మీది ఇసక చూస్తూ నిలబడ్డాను.

"వస్తారండి," అన్నాను. "చెప్తాను."

తల ఊపింది. సీసా తనే దొరువులో ముంచి నింపుకుంది. గేటు దాటి సరుగుడు చెట్ల మధ్య నుంచి రోడ్డు వైపు నడిచింది. నేను చూస్తూనే ఉన్నాను. చెట్ల చివర్లో ఆగి, సీసా పైకెత్తి, చెవికి ఆనించుకుని, అలాగే నిలబడిపోయింది.